ముందే రాసిన అంకెలు

నీళ్ల ట్యాంకు ఆపరేటరు ఒకటో తారీఖునే నెలంతటి క్లోరిన్ అంకెలూ రాసి పడేస్తాడు. బోరు నీళ్లను ఏ రోజూ పరీక్షించిన పాపాన పోలేదు. పొద్దున తనిఖీ ఉందని ఆ రాత్రి పంపు గదిలో రిజిస్టరు తెరిచాడు. అతను రాసిన అంకెలు లేవు. ఈరోజు దాకా అన్నీ సున్నాలే. చేతిరాత మాత్రం తనదే.

గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాడు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. నీళ్లు తేటగానే ఉన్నాయి.

ఫోన్ మోగింది. భార్య.

"పాపకి వాంతులు ఆగట్లేదండీ. మీరు చెప్పినట్టే కుళాయి నీళ్లు పడుతున్నా."

"పట్టకు! నేనెప్పుడు చెప్పాను?"

"అదేంటి? ఇందాక మీరే ఫోన్ చేసి, నీళ్లకేం ఢోకా లేదన్నారుగా!"

అతను గుమ్మం వైపు పరుగెత్తబోయాడు. వెనక, బల్ల మీది రిజిస్టరులో, పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించింది.