అసలుది ఏది?

"ఇందులో అసలుది ఏదో చెప్పండి చూద్దాం," అంటూ ఇన్‌స్పెక్టర్ సంచిలోంచి రెండు పిస్తోళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు.

విచారణాధికారిణితో సహా అందరూ బల్ల వైపు వంగారు. నిజం తుపాకుల్లా కనిపించే బొమ్మలను నిషేధించాలా వద్దా అన్నది తేల్చడానికే ఆ విచారణ.

"మొన్న సందులో ఒక పెద్దావిడ చేతిలో ఇలాంటిదే చూశాను. కాల్చబోయి ఆగాను. మనవడి కోసం కొన్న బొమ్మట!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బొమ్మల ఫ్యాక్టరీ యజమాని నొచ్చుకున్నాడు. "సరుకు బాగుండటం మా తప్పా సార్? బరువు కూడా అసలుదానికి సమానం. పిల్లలు వాటి మీద ప్రాణం పెట్టుకుంటారు."

"ఆ ప్రాణాలు పోకూడదనే మా గోల," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మా కవల ఆడపిల్లలకీ చెరొకటి ఉంది. తెల్లారకముందే, లైటు వేస్తే లేస్తారని, చీకట్లోనే వాళ్ళ పక్కలోంచి ఒకటి లాగాను. నా బల్ల మీదున్న నాదీ తీసుకుని వచ్చేశాను."

ఇంతలో అతని ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, ఒక్క పిస్తోలే మిగిలిందని పిల్లలిద్దరూ ఇల్లు పీకి పందిరేశారు!"

"సాయంత్రం తెచ్చిస్తానని చెప్పు."

"ఇప్పుడు రాజీ పడ్డార్లెండి. రాత్రి మీ బల్ల దగ్గర ఆడినట్టే పెరట్లో దొంగా పోలీసూ ఆడుతున్నారు, వంతులేసుకుని."

"హమ్మయ్య. ఆడుకోనీ," అని ఫోన్ పెట్టేశాడు.

విచారణాధికారిణి రెండు పిస్తోళ్ళనూ కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసి, తల అడ్డంగా ఊపింది. "నావల్ల కాదు బాబూ. మీరే చెప్పండి."

"చూశారా? భయపడకండి, ముందు తూటాలు తీసేస్తాను," అంటూ ఇన్‌స్పెక్టర్ ఒకటి అందుకుని తూటాల అర తెరిచే మీట నొక్కాడు. కదల్లేదు. నవ్వి రెండోది తీసుకున్నాడు. అదీ కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

యజమాని వంగి రెండింటినీ తిప్పి చూసి, పకపకా నవ్వాడు.

"భలేవారు సార్, రెండూ మా బొమ్మలే!"