ఎడమ రాని కార్డు

"మళ్ళీ ఎడమ రాలేదు!" రానల్డ్ హెడ్‌ఫోన్లు పీకి బల్లమీద పడేశాడు.

పొద్దుటి నుంచీ ఇదే గోల. రేపు ఫిడేలు వాళ్ళు రికార్డింగుకి మా ఇంటికొస్తున్నారు. నా మొగుడేమో లినక్స్ కంప్యూటర్‌లో పెట్టిన కొత్త సౌండ్ కార్డుతో కుస్తీ పడుతున్నాడు. ఆ కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం తీసేశాడు, మళ్ళీ ఎక్కించాడు. పరీక్ష పెడితే ఓ ఆడగొంతు ఎడమ చెవిలో "ఎడమ" అనీ, కుడి చెవిలో "కుడి" అనీ పలకాలి. "కుడి" ఒక్కటే పలుకుతోందట.

"ఆ కార్డు వాపసు ఇచ్చెయ్యరాదూ?" అన్నాను, ఎప్పట్లాగే అతని ఎడమపక్కన కూర్చుని టీ తాగుతూ.

ఉలుకూ పలుకూ లేదు. ఈ చలికాలమంతా ఇదే వరస.

"నిన్నే!" అని అరిచాను.

"ఆఁ? కార్డు మంచిదే ఎఫీ. తప్పు సెట్టింగుల్లోనే ఎక్కడో ఉంది. అది దొరక్కపోతే రేపు వాళ్ళకి నా మొహం ఎలా చూపించను? ఈ పని తప్ప నాకింకోటి చేతకాదు."

"ఏదీ, ఇలా ఇవ్వు." నేను పెట్టుకుని విన్నాను. ఎడమ. కుడి. రెండూ శుభ్రంగా ఉన్నాయి.

"రెండూ వస్తున్నాయి కదయ్యా!"

నా చేతిలోంచి లాక్కుని, తొందరలో ఎడమా కుడీ తారుమారుగా పెట్టుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"వచ్చింది! ఎడమ వచ్చిందే!"

తర్వాత "కుడి" కోసం ఆగాడు. అతని ఎడమ చెవి దగ్గర్నుంచి ఆ మాట సన్నగా నాకే వినిపించింది. అతను ఇంకా ఎదురుచూస్తున్నాడు.

మెల్లగా అతని చెయ్యి ఆ చెవి మీదకి వెళ్ళింది.

"ఎఫీ... కార్డు బాగానే ఉంది."

నేను లేచి, నా కుర్చీ అతని కుడివైపుకి లాక్కున్నాను.