ముక్కల్లేని కూర

“సూది వేస్తావా, నన్ను చావమంటావా?” అంతోనయ్య మాస్టారు మంచం మీద నుంచే నర్సు జ్ఞానమణి మీద విరుచుకుపడ్డాడు. విరుచుకుపడ్డాడని అనడమే గానీ, వచ్చింది పిల్లికూన గొంతే. ఊపిరితిత్తిలో పాడైన ముక్క కోసి తీసేసి వారం కాలేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల దగ్గర కుట్లు ప్రాణం తోడేస్తున్నాయి.

“పొద్దునే వేశాంగా మాస్టారూ. మాటిమాటికీ మత్తుసూది వేస్తే పడి నిద్రపోతారు. మీరు గట్టిగా ఊపిరి పీల్చాలి, దగ్గాలి. లేకపోతే కఫం పేరుకుని ప్రాణం మీదికొస్తుందని డాక్టరుగారు చెప్పలేదూ? ఇదిగో, ఈ దిండు అదుముకుని దగ్గండి. నొప్పి తగ్గుతుంది.”

“ఆ దిండు తీసుకెళ్లి మీ డాక్టరు మొహాన కొట్టు.”

కూతురు ప్రమీలారాణి బతిమాలింది. “పోనీ కీర్తన పాడు నాన్నా. చర్చిలో నీ గొంతు ముందు హార్మోనియం వినపడేది కాదు.”

“దేవుడికి నా పాట మీద అంత మోజుంటే, ముందు ఈ కుట్లు ఆయన్ని వేయించుకోమను.”

ప్రమీలారాణి కళ్లు తుడుచుకుంది. డాక్టరు గదిలోకెళ్లి ఏదో మాట్లాడి, గంపలగూడెం బస్సెక్కి అత్తారింటికి వెళ్లిపోయింది. “కన్నతండ్రి చస్తుంటే అత్తారిల్లు గుర్తొచ్చింది మహాతల్లికి” అని గొణుక్కున్నాడు అంతోనయ్య.

మర్నాడు వియ్యంకుడు రాయప్ప ఊడిపడ్డాడు. అతన్ని చూస్తే అంతోనయ్యకి ఒళ్లుమంట. కానీ పిల్లనిచ్చుకున్నవాడు నోరెత్తితే ఆ దెబ్బ పిల్ల మీద పడుతుందని, పెళ్లయినప్పట్నుంచీ ఏమన్నా పళ్లికిలిస్తూ వస్తున్నాడు.

“ఏంటో బావగారూ, మిమ్మల్ని చూస్తే మీరు పెట్టిన పెళ్లిభోజనమే గుర్తొస్తుంది” అంటూ రాయప్ప స్టూలు లాక్కున్నాడు. “గరిటె అరిగింది గానీ కూరలో ముక్క తగల్లేదని మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.”

అంతోనయ్య నవ్వబోయి మూలిగాడు. “అబ్బే, అదేం లేదండీ...”

“మేకపోతుని కోశామన్నారు. దాని అరుపు విన్నాం గానీ మొహం చూడలేదు. ఇప్పుడు మీ పిల్లా అంతే. కోడిగుడ్డుని నూలుపోగుతో కోసి ఇంటిల్లిపాదికీ పంచుతుంది. పెంపకం మరి!”

తననంటే పడేవాడే. పిల్లనన్నాడు. అంతోనయ్య దిండు పట్టుకుని లేచి కూర్చున్నాడు.

“ఏమయ్యా రాయప్పా! ఎమర్జెన్సీ దేశానికి గానీ నా నోటిక్కాదు! యాభైమందిమని చెప్పి ఊరంతటినీ లారీ ఎక్కించుకొచ్చింది ఎవరయ్యా? మీ తమ్ముడు తలగుడ్డ మార్చుకుని మార్చుకుని మూడు బంతుల్లో కూర్చోలేదూ? మీరు పారేసిన ఎముకలు తినలేక మా వీధి కుక్కలు వాంతులు చేసుకున్నాయయ్యా!”

ఆ కేక తిరువూరు బస్టాండు దాకా వినపడే ఉంటుంది. వెంటనే దగ్గు తెరలు తెరలుగా ముంచుకొచ్చింది. దిండు తనే గుండెకి అదుముకున్నాడు. జ్ఞానమణి పట్టిన బేసిన్‌లో అన్నాళ్ల కఫమూ పడింది. ఊపిరి హాయిగా ఆడింది.

రాయప్ప కండువా దులిపి లేచాడు. “ఇంత మాటంటారా? ఇంటికెళ్లి చెబుతాను మీ సంగతి!” అని విసురుగా బయటికి నడిచాడు.

నోటిదూలతో బంగారంలాంటి పిల్ల కాపురం కూల్చాను గదా అనుకున్నాడు అంతోనయ్య. సూది మాటే మరిచిపోయాడు.

“సిస్టరమ్మా, ఆయన్ని వెనక్కి పిలువు. కాళ్లు పట్టుకుంటాను” అని చేతులు జోడించాడు.

జ్ఞానమణి వరండాలోకి వెళ్లింది. కర్టెన్ అవతల రాయప్ప గొంతు మెల్లిగా వినిపించింది.

“కఫం బాగా పడిందా సిస్టరుగారూ? ఆ గుడ్డు మాట మా కోడలే నేర్పి పంపింది. రేపు చేపల పులుసు సంగతి ఎత్తమంది.”