ఏడో నంబరు చెక్కలు

"సార్, ఇర్ఫాన్‌ను ఆపుండ్రి! ఆ చెక్కలు ఎక్కొద్దని చెప్పుండ్రి!"

శ్రీలత కేకకు క్యాంటీన్‌లోని నలభై మందీ టీవీ వదిలేసి ఆమె వైపు తిరిగారు. చెక్కలను నొక్కి వంచే ప్రెస్ దగ్గర పనిచేసే మనిషి యజమాని ముందు గొంతెత్తడం ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఎరగరు.

టీవీలో కాశ్మీరులోని గుల్‌మార్గ్ కొండ లైవ్‌లో కనిపిస్తోంది. తొడల దాకా కొత్త మంచు. అక్కడ స్కీయింగ్ నేర్పే ఇర్ఫాన్, పటాన్‌చెరులోని ఈ ఫ్యాక్టరీలో తయారైన స్కీ చెక్కలు కాళ్ళకు బిగించుకుని ఆ మంచులో జారి చూపించాలి. కొనే కంపెనీ వాళ్ళు తమ దేశంలో కూర్చుని ఇదే చూస్తున్నారు. వాళ్ళకు నచ్చితే ఆర్డరు, లేకపోతే నెలాఖరుకు ప్రెస్ విభాగానికి తాళం. ఆ మాట యజమాని శ్రావణ్‌కుమార్ పొద్దున్నే దాచకుండా చెప్పేశాడు.

మొదటి జత అప్పటికే పరువు తీసింది. పది గజాలు పోయేసరికి ముందు కొసలు మంచులో దూరి, ఇర్ఫాన్ తలకిందులయ్యాడు. ఇద్దరు మనుషులు తవ్వి బయటికి లాగారు. ఇప్పుడు అతను కొండ మీద ఏడో నంబరు జత బిగించుకుంటున్నాడు.

"ఏంది లొల్లి?" అన్నాడు శ్రావణ్‌కుమార్.

"ఆ జత తప్పు జత సార్. నా చేతిల చెడిపోయింది. అప్పుడే చెప్పకపోతి."

స్కీని నేల మీద పెడితే దాని నడుము కాస్త పైకి లేచి ఉండాలి. అందుకోసం ప్రెస్ నడిమధ్యన ఒక వంపు దిమ్మె పెడతారు. ఏడో జత చేసిన రోజు శ్రీలత పొద్దున దిమ్మె అమర్చి, అన్నం తినొచ్చి ప్రెస్ దించింది. తీరా తీసి చూస్తే దిమ్మె తిరగబడి ఉంది. జత కడుపు కిందికి జారి, రెండు కొసలూ గాలిలోకి లేచాయి. కూతురు నిషితకు మూడు రోజులుగా జ్వరం. చేతులు ఇక్కడ, ధ్యాస ఇంట్లో! తనను తాను తిట్టుకుని, దిమ్మె సరిగా పెట్టి, నోరు మూసుకుంది. ఎలాగూ తనిఖీ చేసే కామేశ్వరరావు పక్కన పడేస్తాడని ధీమా. వెంట్రుకవాసి గీత కనిపించినా పనికిరాదనే మనిషాయన. అలాంటి మనిషి దాన్ని పాస్ చేశాడు.

ఇప్పుడు అందరి కళ్ళూ ఆయన మీద పడ్డాయి. ఫిబ్రవరి చలిలో ఆయన చొక్కా తడిసిపోయి ఉంది.

"రావుగారూ, సంతకం మీదే గదా?" అడిగాడు శ్రావణ్‌కుమార్.

"నాదేనండి."

"సూడకుండ పెట్టిన్రా?"

కామేశ్వరరావు పెదవులు తడుపుకున్నాడు. "దమ్ము చేసిన బురద మడిలో చదును చేసే పలక ముక్కు పైకి ఉంటే దిగబడదండి..."

"మనిషి ప్రాణం పోతుంటే పొలం ముచ్చట్లేంది?"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "కళ్ళజోడు మార్చాలండి," అన్నాడు చివరికి.

ఇంకో ఏడాదిలో రిటైర్ కాబోయే పెద్దాయన తన మూలంగా మాట పడుతున్నాడని శ్రీలత అడ్డుపడింది. "సారును ఏమనకుండ్రి. తప్పు నా ఒక్కదానిదే."

"అయితే రేపటి సంది రాకు," అన్నాడు శ్రావణ్‌కుమార్, ఫోన్ చెవికి ఆనించి.

ఇర్ఫాన్ ఫోన్ మోగి మోగి ఆగింది. కెమెరా పట్టుకున్నవాడు లోయలో ఉన్నాడు. అరిచినా పైకి వినబడదని ఫోన్‌లో చెప్పాడు.

ఇర్ఫాన్ దూకాడు.

మంచు పొగలా లేచింది. మనిషి కనిపించలేదు. శ్రీలత కళ్ళు మూసుకుని, కాశ్మీరులో ఎక్కడో ఉన్న ఇర్ఫాన్ తల్లికి మనసులోనే దండం పెట్టింది.

"అక్కా, సూడు!" అని పక్కనున్న కౌసల్య భుజం కుదిపింది.

మంచు పొగను చీల్చుకుని ముందుగా రెండు కొసలు బయటికొచ్చాయి, వాటి వెనకాల ఇర్ఫాన్. అరచేతికంటే వెడల్పైన ఆ చెక్కలు మునగడం లేదు. కడుపుతో మంచును తొక్కుతూ, ముక్కులు పైకెత్తుకుని తేలుతున్నాయి. పడవలాగే! కొసలు మునగకుండా అతను వెనక్కి వాలాల్సిన పనే లేదు, నిటారుగా నిలబడ్డాడు. మడమ అలా తిప్పితే చాలు, చెక్కలు పక్కకు జారి మలుపు తీసుకుంటున్నాయి. చూస్తుండగానే లోయలోకి దిగి కెమెరా ముందు ఆగాడు.

"గట్టి బాట మీద ఇవి వణుకుతాయి," అన్నాడు హిందీలో, రొప్పుతూ నవ్వుతూ. "లోతు మంచులో మాత్రం వీటికి తిరుగులేదు. కాళ్ళ నొప్పే లేదు. ఎవరు చేశారివి?"

పావుగంటలో కంపెనీ నుంచి కబురొచ్చింది. ఏడో నంబరువి రెండు వందల జతలు కావాలట. క్యాంటీన్ దద్దరిల్లింది.

"శ్రీలతా, రేపు జల్దీ రావాలె!" అన్నాడు శ్రావణ్‌కుమార్. "కొత్త నమూనాల పని ఇగ నీదే."

"కావాలని చెయ్యలే సార్..."

"చేతులు నీవే గదా!"

అందరూ చప్పట్లు కొట్టారు, భుజాలు తట్టారు, మెల్లగా పనుల్లోకి వెళ్ళారు. కామేశ్వరరావు ఒక్కడే టీవీ ముందు కుర్చీలో మిగిలాడు. శ్రీలత దగ్గరికెళ్ళింది.

"సార్, నా తప్పు మీ కండ్లకు ఆనకపాయెనా? నా కొలువు పోతదనే పాస్ చేసిన్రు గదా. మీ మేలు మరువ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలను కాదు, కళ్ళను.

"నిన్ను తిడుతుంటే నోరు విప్పలేదమ్మా. మెచ్చుకుంటుంటే ఇక ఏ మొహంతో విప్పను?"

"ఏం చెప్తుండ్రు సార్?"

"నువ్వు అన్నానికి వెళ్ళినప్పుడు, మడి పలకలా తేలుతుందేమో చూద్దామని ఆ దిమ్మె తిరగేసింది నేనమ్మా."