తొట్టిలో సెలవు

మా కూతురు పైడితల్లి సెలవుకి ఇంటికి వచ్చింది. ఈతలో మేటి పిల్లలను మాత్రమే చేర్చుకునే క్లబ్బులో ఉంటోంది. అక్కడ పిల్లల ఒంటిమీద కొత్త చర్మం పెంచుతారు. అది క్లబ్బు నీళ్ళలో తప్ప బతకదు. అందుకే ముందుగా క్లబ్బు ట్యాంకరు వచ్చి ఆ నీళ్ళతో పెరట్లో తొట్టి నింపింది. ఈమధ్య ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి తొట్టి ఒకటి కనబడుతోంది.

పిల్ల తొట్టిలో ఉంటే, పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"పోటీ ఎప్పుడే?"

"మాలో మాకేనయ్యా. బయటోల్లతో ఈదనివ్వరు."

"మరి నువ్వు గొప్పదానివని ఎలా తెలుస్తాది?"

"ఆల్లే సెబుతారు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంతలో నా భార్య ఎర్రమ్మ చెంబుతో వచ్చింది. ఇంటికొచ్చిన ఆడపిల్లకి చేసినట్టే, తొట్టి అంచున ఆనించిన దాని కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసేసింది. పిల్ల కెవ్వుమంది. కాళ్ళు బొబ్బలెక్కాయి. తొట్టి నీళ్ళన్నీ పచ్చబడ్డాయి.

"దిష్టి పోవాలని పోసాను తల్లీ!" అని ఎర్రమ్మ ఏడ్చింది.

వీధిలో ట్యాంకరు దగ్గర కాచుకుని ఉన్న క్లబ్బు మనిషి పరుగున వచ్చాడు. "ఈ నీళ్ళలో బతకదు. వెంటనే తీసుకెళ్ళాలి," అన్నాడు.

నేను అడ్డంగా నిలబడ్డాను. "ఎల్లొద్దే. మానేసి ఇంటికాడే ఉండిపో."

పైడితల్లి నా చెయ్యి పట్టుకుంది.

"ఉంటానయ్యా. దేన్లో ఉండమంటావు?"

దాని భుజాల మీద చర్మం అప్పుడే పగులుతోంది. ఇంకెవరినీ ముట్టనివ్వకుండా నేనే ఎత్తుకుని ట్యాంకరులోకి దించాను.