చంటి ఏడవలేదు

మెర్సీకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన పిల్లాణ్ణి ఎవరో ఎత్తుకుపోతారని.

పసిపిల్లలున్న వాళ్ళం, మనందరికీ ఉండే భయమే. కాకపోతే ఆ వారం పెదపాడు వైపు ఎవరి ఫోన్ తెరిచినా అదే వీడియో. ముసుగేసుకున్న ఆడమనిషి, చేతిలో గోనెసంచి, సంచిలో పిల్లాడు. ఎక్కడిదో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు.

మెర్సీ లా చదివింది. చంటి కడుపులో ఉండగా ఆఖరి పరీక్షలు రాసింది. నల్లకోటు కుట్టించుకుంది కానీ అది మేకుకే వేలాడుతోంది.

లా ఉద్యోగాల వాట్సాప్ గ్రూపులన్నిట్లోనూ చేరింది. హైదరాబాదు కంపెనీలు, బ్యాంకుల్లో లా ఆఫీసరు పోస్టులు, జూనియర్లు కావాలనే ప్రకటనలు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా అవే చదివేది. ఎవరికి ఫోన్ చేసినా చివరికి ఒకటే మాట.

"పిల్లాణ్ణి ఎవరు చూస్తారు?"

తాడేపల్లిగూడెంలో లాయరు సరళగారూ అదే అడిగారు.

"ఎవరూ లేరండీ. మా ఆయన తెల్లారేసరికి చేపల చెరువు మీదకి పోతారు. అత్తగారు లేరు."

"సరేనమ్మా, చూద్దాం," అని పెట్టేశారు.

"పెద్దవాళ్ళు చూద్దాం అన్నారంటే లేదన్నట్టేలే," అన్నాడు భర్త అజయ్.

మెర్సీ ఆ ఆశ కూడా వదిలేసుకుంది.

శనివారం పొద్దున లా చదివినవాళ్ళకి ఏయే ఉద్యోగాలున్నాయో చెప్పే క్లాసు ఫోన్‌లో వస్తోంది. చంటిని వాకిట్లో బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది.

మధ్యలో తలెత్తి చూస్తే వాకిట్లో బొమ్మలే ఉన్నాయి.

చెరువు గట్టు మీద ఎవరో పెద్దావిడ నడుస్తోంది. చంకలో చంటి.

"నా కొడుకు! నా కొడుకుని ఎత్తుకుపోతోంది!"

ఆ కేకకి చెరువుల మీది మనుషులు మేత బస్తాలు పడేసి పరిగెత్తుకొచ్చారు.

మెర్సీ పిల్లాణ్ణి లాక్కుని ఆవిడ చెంప పగలగొట్టింది. మొదటి దెబ్బ తనదే.

"ఎవత్తివే నువ్వు?"

"బాబుకి చెరువులో వాలిన గూడబాతుల్ని చూపిద్దావనండీ. వాకిట్లోంచి పిలిచానండీ, మీరు ఫోన్‌లోంచి తలెత్తలేదు..."

"గూడబాతుల్ని చూపిస్తావా? నీకు మేం చుక్కలు చూపిస్తాం రా!" పక్క చెరువు ప్రదీప్ ఆవిడ జుట్టు పట్టి గట్టు మీద ఈడ్చాడు.

"మేడంగారు పంపితే వచ్చానండీ..."

"ఓహో, మీ గ్యాంగుకి మేడంగారు కూడా ఉందా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఎవరో డొక్కలో తన్నారు.

ఇంకెవరో ఆవిడ సంచి బోర్లించారు. ఒక గిలక్కాయ, రెండు అరటిపళ్ళు, ఉతికి మడతపెట్టిన పాత చీర.

"అదిగో, నోట్లో కుక్కడానికి గుడ్డ!"

"పిల్లాడి వంక చూడండ్రా. కొత్తమనిషి ఎత్తుకుంటే ఏ పిల్లాడైనా ఏడవడా? మత్తు పెట్టేసింది!"

ఆ మాటతో అయిపోయింది. చెప్పులు లేచాయి. చెప్పుల తర్వాత పడవ గెడ లేచింది. మోచెయ్యి విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. ఎవరూ ఆగలేదు.

నోట్లో నెత్తురుతోనే ఆవిడ మెర్సీ వైపు తల తిప్పింది.

"బాబు చూస్తున్నాడండీ... లోపలికి తీసుకెళ్ళండి."

చెరువు కాపలా ఉండే ఏసోబు తాత అడ్డం పడబోయాడు. "ఒరేయ్, చచ్చిపోద్దిరా! అమ్మా మెర్సీ, లా చదివినదానివి, పోలీసులకి ఫోన్ చెయ్యమ్మా!"

"ముందు తన్ననివ్వు తాతా," అంది మెర్సీ.

గెడ మళ్ళీ లేచింది. ఈసారి తలకి తగిలింది. ఆవిడ మరి మాట్లాడలేదు.

అంబులెన్సు వచ్చేసరికి గట్టు మీద ఏసోబు తాత ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళంతా ఎవరి చెరువు మీదకి వాళ్ళు పోయారు.

మెర్సీ చంటిని గుండెకి హత్తుకుని ఇంట్లోకి వచ్చింది. గడప దగ్గర ఫోన్ మోగుతోంది.

"అమ్మా మెర్సీ, నేను సరళని. మా హన్నమ్మ మీ ఇంటికి చేరిందా? ఫోనెత్తట్లేదు."

"ఏ హన్నమ్మండీ?"

"మా ఆఫీసులో జూనియర్ల పిల్లల్ని చూసుకునే ఆవిడమ్మా. నువ్వు సోమవారం నుంచి వచ్చెయ్. బాబుకి కొత్త ఉండకూడదు, ముందే మాలిమి చేసుకుంటానని పొద్దున్నే బస్సెక్కింది. నీకు చెబుదామంటే ఫోన్ కలవలేదు. ఉయ్యాలకి తన మెత్తటి చీర కూడా పట్టుకెళ్ళింది. ఆవిడ ఎత్తుకుంటే ఏ పిల్లాడూ ఏడవడమ్మా... హలో? మెర్సీ?"

అప్పుడు ఏడ్చాడు చంటి, గట్టు వైపు చేతులు చాపి.

హన్నమ్మ ఇప్పుడు ఏలూరు పెద్దాసుపత్రిలో ఉంది. మనుషుల్ని గుర్తుపట్టట్లేదట. పసిపిల్లల గొంతు వినబడితే మాత్రం వేళ్ళు కదుపుతోందట.

మెర్సీ రోజూ వార్డు గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి అడుగు పడక తిరిగొచ్చేస్తోంది.

మీరెవరైనా అటు వెళ్తే ఆవిడ ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి. మీ పిల్లాణ్ణి కూడా తీసుకెళ్ళి, భయపడకుండా ఆవిడ పక్కన కూర్చోబెట్టండి.