పన్నెండు ముక్కల కేకు

కొత్త సంవత్సరం రోజు భోజనానికి ఎనిమిదిమంది. అర్గిరో చేతిలో ఉన్నవి ముప్ఫై యూరోలు.

పంది మాంసం కొట్టు ముందు ఆగింది. ధర చూసింది. పండగ పూట నోరు పారేసుకోవడం ఇష్టంలేక ముందుకు నడిచింది. ఒక కోడి, రెండు క్యాబేజీలు, పావుకిలో ఖైమా కొంది. మిగిలిన డబ్బుతో బంగాళాదుంపలు, గుడ్లు, నిమ్మకాయలు, నారింజలు.

"కోడి ఒక్కటేనా?" అన్నాడు మొగుడు తాకిస్. వోలోస్ రేవులో అతనికి వారానికి రెండు రోజులే పని దొరుకుతోంది.

"ఒక్కటే. దానికి ఎనిమిది కాళ్ళుంటే బాగుండేది. లేవు. ఏం చెయ్యమంటావ్?"

ఆ కోడిని పదహారు ముక్కలు చేసింది. మెడ, ఎముకలు ఉడికించి సూపు కాచి, అందులో గుడ్డు గిలక్కొట్టి నిమ్మరసం పిండింది. క్యాబేజీ ఆకుల్లో బియ్యం నాలుగు వంతులు, ఖైమా ఒక వంతు పెట్టి చుట్టింది. మాంసం వాసన తగిలితే చాలు, మిగతాది నిమ్మకాయ చూసుకుంటుంది. పెద్ద పళ్ళెంలో అడుగున బంగాళాదుంపలు పేర్చి పైన కోడి సర్దితే చూడ్డానికి కొండంత కనిపించింది.

చివర్లో వాసిలోపిత. లోపల ఒక నాణెం దాచి కాల్చే కేకు. వెన్న బదులు నూనె పోసి, నారింజ తొక్క తురిమి వేసింది. ఏడాది మొదటి రోజున ఇంటి పెద్ద దాన్ని కోస్తాడు. నాణెం ఎవరి ముక్కలో వస్తే ఆ ఏడాది అదృష్టం వాళ్ళది. ఈ ఇంట్లో అదృష్టంతో పాటు యాభై యూరోల నోటు కూడా ఉంది. అది ఇచ్చేది మామగారు స్టెర్యోస్. నిరుడు ఆ నోటు ఆయన కూతురు జోయ్‌కి పోయింది. కన్నకూతురే అయినా ఆయనకు వారం రోజులు నిద్ర పట్టలేదు.

అర్గిరోకి ఆ యాభై కావాలి. అదృష్టం సంగతి తర్వాత. కూతురు ఫోతిని కళ్ళద్దాల కాడ విరిగి రెండు నెలలైంది. తొమ్మిదేళ్ళ పిల్ల వాటిని దారంతో చెవికి కట్టుకుని బడికి వెళ్తోంది. బళ్ళో దానికి ఓ పేరు కూడా పెట్టారు. అర్గిరో మామగారికి చెప్పి చూసింది. "మా కాలంలో పిల్లలకి అద్దాలెక్కడివమ్మా?" అన్నాడాయన, తన అద్దాలు తుడుచుకుంటూ.

ఇప్పుడాయన వంటింట్లోకి తొంగిచూశాడు.

"నాణెం మర్చిపోలేదు కదా?"

"మర్చిపోతానా మామయ్యా? పొద్దుట్నుంచీ నా ధ్యాసంతా దాని మీదే."

మధ్యాహ్నానికి జోయ్, ఆమె మొగుడు, ఇద్దరు కొడుకులు దిగారు. తెచ్చింది ఆకలి ఒక్కటే.

జోయ్ ఓ క్యాబేజీ చుట్ట విప్పి లోపలికి చూసింది. "ఇందులో మాంసం ఎక్కడుంది మరదలా?"

"వెతుకు వదినా. నాణెం వెతికేలోపు చేతికి అలవాటవుతుంది."

జోయ్ మొగుడు నవ్వబోయి, పెళ్ళాం మొహం చూసి మానేశాడు.

"కోడి కూడా బాగా చిక్కినట్టుందే?"

"ఎవరెవరొస్తున్నారో తెలిసినట్టుంది. బెంగ పెట్టుకుంది."

పళ్ళాలు ఖాళీ అయ్యాయి. ఎవరూ ఆకలితో లేవలేదు. ఆ ఒక్క విషయానికి అర్గిరోకి గర్వంగానే అనిపించింది. కేకు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. తెచ్చి మామగారి ముందు పెట్టి తన చోట కూర్చుంది.

స్టెర్యోస్ యాభై నోటును ఉప్పు సీసా కింద పెట్టాడు. పెట్టాక కూడా కాసేపు వేలు దాని మీదే ఉంచాడు. కత్తితో కేకు మీద మూడుసార్లు శిలువ గీసి కోయడం మొదలుపెట్టాడు.

"ఇది క్రీస్తుది. ఇది మేరీమాతది. ఇది ఇంటిది. ఇది పేదవాడిది."

ఆ నాలుగూ దేవుడి పటం ముందుకు పోయాయి. వాటిని ఎవరూ చిదపకూడదు. తర్వాత పెద్ద నుంచి చిన్న వరకు ఎనిమిది ముక్కలు.

జోయ్ తన ముక్కను పొడి పొడి చేసింది. లేదు. ఆమె మొగుడి ముక్కలోనూ లేదు. కొడుకులిద్దరూ తినడం మాని తవ్వారు. వాళ్ళకీ లేదు. తాకిస్ రెండు ముద్దల్లో మింగేశాడు, పంటికేమీ తగల్లేదు. ఫోతిని దారం సవరించుకుని ముక్కలో కళ్ళు పెట్టి చూసింది. లేదు.

"ఏంటి మరదలా, ఇందాకటిదాకా గలగలలాడావు, ఇప్పుడు నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నావు?" అంది జోయ్. "కేకు బాగోలేదని నీక్కూడా తెలిసిపోయిందా?"

అర్గిరో తలూపి ఊరుకుంది.

"దేవుణ్ణి తలుచుకుంటోంది. కదిలించకక్కా," అన్నాడు తాకిస్ మెల్లగా. మాట పడి పెళ్ళాం ఊరుకోవడం పన్నెండేళ్ళ కాపురంలో అతడు చూడలేదు. కొంచెం భయం కూడా వేసింది.

ఇక మిగిలినవి రెండే. మామగారిది, కోడలిది. అర్గిరో పిసరు పిసరుగా తింటోంది. అందరి కళ్ళూ ఆమె మీదే. ఆమె ఆఖరి ముక్క ఎత్తి నోట్లో పెట్టుకోబోయింది.

"దొరికింది!"

అరిచింది స్టెర్యోస్. ఆయన రెండు వేళ్ళ మధ్య యూరో నాణెం శుభ్రంగా మెరుస్తోంది.

"నాదేముంది, అంతా దేవుడి దయ," అంటూ ఉప్పు సీసా ఎత్తి, నోటు తీసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోతిని లేచి తాతయ్యకు ముద్దు పెట్టింది.

"ఏమ్మా కోడలా, నువ్వూ ఓ మంచి మాట చెప్పు," అన్నాడాయన.

అర్గిరో నోరు తెరవలేకపోయింది. ఆ కేకులో పెట్టాల్సిన ఒకే ఒక్క నాణెం, ఆమె వంటింట్లోంచి వచ్చినప్పటి నుంచీ ఆమె నాలుక కిందే ఉంది.